ముప్ఫై అడుగుల గొట్టం... మూడు దిక్కుల పట్టు

చింతపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి కప్పు చూస్తే చాలు, ఆ ఇంటికి బయటి ప్రపంచం ఎప్పుడెప్పుడు ఏ దారిన వచ్చిందో తెలిసిపోతుంది. పుల్లలు విరిగి, తుప్పు పట్టి, చేప ముల్లులా వేలాడుతుంటే అది దూరదర్శన్ నాటి యాంటెన్నా. పొట్టిగా, దగ్గరదగ్గర పుల్లలతో ఒక దిక్కుకే తలతిప్పి ఉంటే అది తీగల్లేని టెలిఫోన్ కాలం నాటిది. పక్కనే డీటీహెచ్ గొడుగు. ఇప్పుడు వాటన్నిటి మీదుగా ఇంకో గొట్టం లేస్తోంది, ఇంట్లోకి 4జీ సిగ్నల్ లాక్కురావడానికి.

కాలం మారింది, కప్పు మీద వస్తువు మారింది. మారనిది ఒక్కటే. ఆ గొట్టాన్ని నిలబెట్టే పద్ధతి! నలుగురు కుర్రాళ్లు, ఒక ఇనుప పైపు, చేతికి దొరికిన తాడు. ‘ఇంకా పైకి... ఇంకా పైకి...’ అంటూ కింద నుంచి ఒకరి కేక. సిగ్నల్ వచ్చిందా లేదా అన్నదే అందరి ధ్యాస. గొట్టం దేన్ని పట్టుకుని నిలబడింది, పడితే ఎటు పడుతుంది, ఆ పడే దారిలో ఏముంది... ఈ మూడు ప్రశ్నలూ ఎవరికీ గుర్తుకు రావు. ప్రాణాలు పోయేది మాత్రం ఈ మూడింటి దగ్గరే.

ఎత్తు కావాలా... చోటు కావాలా?

తూర్పు కనుమల్లో సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనున్న మన్యం ఊరు చింతపల్లి. అంత ఎత్తున ఉన్నాక సిగ్నల్‌కి కొదవేంటి అనుకుంటారు మైదానం వాళ్లు. అసలు ఇబ్బంది ఎత్తుతో కాదు, అడ్డుతో. ఊరికీ టవరుకీ మధ్య ఒక్క కొండ భుజం అడ్డొస్తే చాలు, ఆ వెనకంతా నీడే. 2023 జూన్‌లో గిరిజన ప్రాంతాల్లో ఒకే రోజు వంద 4జీ టవర్లు ప్రారంభించారు. వాటిలో ఎక్కువ అల్లూరి సీతారామరాజు జిల్లాలోవే. అయినా లోయల్లోని గూడేలకు ఆ నీడ బాధ పూర్తిగా తీరలేదు. అందుకే ఈ గొట్టాలు.

అయితే గొట్టం కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పైసా ఖర్చు లేనిది. ఫోను చేత్తో పట్టుకుని ఇంటి చుట్టూ, పెరట్లో, పై గట్టు మీద నెమ్మదిగా తిరగడం. మైదానంలో పది అడుగులు పక్కకి జరిగితే పెద్ద తేడా ఉండదు. కొండల్లో అలా కాదు. ఇంటి వెనక యాభై అడుగుల దూరంలో, కొండ భుజం తప్పించుకునే చోట పదడుగుల కర్ర చేసే పనిని ఇంటి మీద నలభై అడుగుల గొట్టం చేయలేకపోవచ్చు. అక్కడి నుంచి ఇంటికి తీగ లాక్కుంటే సరి. తీగ మరీ పొడవైతే సిగ్నల్ దారిలోనే నీరసిస్తుంది కాబట్టి, రూటరునే యాంటెన్నా దగ్గర డబ్బాలో పెట్టి నెట్ కేబుల్ కిందికి దించుకునేవాళ్లూ ఉన్నారు. తెలివైన పద్ధతే.

ఎత్తు మీద మోజు ఎందుకు తగ్గించుకోవాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. చదునైన నేల మీద పది మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకి సుమారు 13 కిలోమీటర్ల దూరం ‘కనిపిస్తుంది’. ఎత్తు రెట్టింపు చేసి ఇరవై మీటర్లు చేస్తే 26 కాదు, 18 కిలోమీటర్లే! గొట్టం మీద గాలి తోపు, ఖర్చు, ప్రమాదం మాత్రం రెట్టింపుతో ఆగవు.

ఇక డీటీహెచ్ గొడుగు సంగతి. దాన్ని కూడా పైపు మీదికెక్కించి ‘బాగా వస్తుంది’ అని మురిసిపోయేవాళ్లున్నారు. ఉపగ్రహం ఉండేది 36 వేల కిలోమీటర్ల దూరంలో. పదడుగులు దగ్గరికి జరిగితే దానికేం తెలుస్తుంది! ఆకాశంలో అది ఉన్న వైపు చెట్టో కొండో అడ్డు లేకపోతే నేల మీద దిమ్మె కట్టి బిగించినా అదే బొమ్మ. దూరదర్శన్ పాత యాంటెన్నాలనైతే ఇక దించేయొచ్చు. ఆ నేల ట్రాన్స్‌మిటర్లను, ఏవో కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, 2022 నాటికి ప్రసార భారతి మూసేసింది. పనికిరాని ఇనుము ఇంటి నెత్తిన గాలికి ఊగుతూ ఉండటం ఎందుకు? ఎన్నో ఏళ్ల కిందటి బోల్టుల మీద వేలాడుతున్నది ఏదో ఒక ఈదురుగాలికి కిందికి రాక తప్పదు.

తల పైకెత్తి చూడండి

ఇంటి మీద యాంటెన్నా కారణంగా జరిగే చావుల్లో ఒరిగిపడి జరిగేవాటి కన్నా భయంకరమైనవి కరెంటు తీగకు తగిలి జరిగేవి. అదెలాగంటే, ఇరవై అడుగుల జీఐ పైపు, అంగుళంన్నర మందం, మధ్యరకం... బరువు 22 కిలోల దాకా ఉంటుంది. పడుకోబెట్టి ఉన్నప్పుడు ఒక్కడే మోసేస్తాడు. నిలబెట్టాక పైకొన మనిషి మాట వినదు. ఒక్క అంగుళం అదుపు తప్పితే కొన అడుగుల కొద్దీ ఒరుగుతుంది. పక్కనే 11 కేవీ తీగ ఉంటే ఇక చెప్పేదేముంది! పైపు పట్టుకున్న చేతులన్నీ ఒకేసారి ఆ కరెంటుకు దారి అవుతాయి. అందుకే ఇలాంటి ప్రమాదాల్లో ఒకరు కాదు, ఒకే ఇంట్లోవాళ్లు ఇద్దరు ముగ్గురు పోతుంటారు.

దీనికి కొలత చాలా సులువు. గొట్టం, దాని మీది యాంటెన్నా కలిపి ఎంత పొడవో దానికి కనీసం ఒకటిన్నర రెట్లు, వీలైతే రెండు రెట్ల దూరంలో ఏ కరెంటు తీగా ఉండకూడదు. ముప్ఫై అడుగుల గొట్టమైతే చుట్టూ నలభై అయిదు నుంచి అరవై అడుగుల మేర ఖాళీ. ఇంటికొచ్చే సర్వీసు తీగ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ‘దానికి తొడుగు ఉంది కదా’ అన్న భరోసా వద్దు. ఎండకు పగిలిన తొడుగు లోపలి తీగను దాచగలదేమో గానీ ఆపలేదు. అంత చోటు లేదంటే అక్కడ గొట్టం వద్దనే అర్థం. ‘జాగ్రత్తగా ఎత్తుతాంలే’ అన్నది చోటుకు బదులు కాదు.

వెదురు గడ వాడితే షాక్ కొట్టదని మన్యంలో ఓ నమ్మకం. ఎండిన వెదురు విషయంలో కొంత నిజమే. మరి చింతపల్లిలో వెదురు పూర్తిగా ఎండేది ఏడాదికి ఎన్నాళ్లు? శీతాకాలమంతా మంచు, ఆపైన వానలు. తడిసిన వెదురు, దాని వెంట దిగే తీగ, రెండూ కరెంటును కిందికి తెచ్చేవే. పైగా నేలలో పాతిన వెదురు మొదలు చెదలకూ చెమ్మకూ ఒకటి రెండు వానాకాలాల్లోనే డొల్లవుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, అదే చిక్కు.

పొరపాటున గొట్టం తీగకు ఆనుకుందా... దాన్ని లాగడానికి పోవద్దు, పట్టుకున్న మనిషిని తాకొద్దు. చుట్టుపక్కల నేలలో కూడా కరెంటు ఉంటుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు పెద్ద అంగలు వేయకుండా రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని చిన్నగా జరుగుతూ దూరం పోవాలి. 1912కి ఫోన్ చేసి లైను ఆపించాలి, 108ని పిలవాలి. ఆపారని కచ్చితంగా తెలిశాకే మనిషి దగ్గరికి.

గాలి బరువెంత?

గాలికి బరువేంటి అనిపిస్తుంది గానీ, ఇంజినీర్లు దాన్ని కిలోల్లోనే లెక్కిస్తారు. గంటకు 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు పలక మీద సుమారు 12 కిలోల బరువుతో తోస్తుంది. వంద కిలోమీటర్లయితే 24 కాదు, 47 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గాలుల వేగం 180 కిలోమీటర్లు దాటింది. అంటే చదరపు మీటరుకు నూటయాభై కిలోల పైమాటే! రెండడుగుల డీటీహెచ్ గొడుగు మీద చూసినా నలభై కిలోలకు పైగా తోపు. అది ముప్ఫై అడుగుల ఎత్తున ఉంటే అడుగున గొట్టం మెడ మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఊహించుకోవచ్చు. ఆ రోజు మన్యంలో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వేళ్లతో సహా కూలాయి.

ఆ చెట్లకే యాంటెన్నా గొట్టాలు కట్టడం ఇక్కడ మామూలు. రూపాయి ఖర్చు లేని స్తంభం అనుకుంటారు. కానీ చెట్టు గాలికి ఊగాలి, అది దాని లక్షణం. చెట్టు ఊగినప్పుడల్లా కట్టు వదులవుతుంది, యాంటెన్నా ముఖం తిరుగుతుంది, సిగ్నల్ వచ్చి పోతుంది. దాన్ని సరిచేయడానికి మళ్లీ ఎవరో ఒకరు వానలో చెట్టెక్కుతారు.

తీగలే ప్రాణం

చాలామంది పైపు మందం చూసి ధైర్యం తెచ్చుకుంటారు. నిజానికి పొడవాటి గొట్టాన్ని నిలబెట్టేది గొట్టం కాదు, దాన్ని పట్టి ఉంచే స్టే తీగలు. ఈ మాటకు పోలెండులో ఓ పెద్ద సాక్ష్యం ఉంది. అక్కడి కొన్‌స్టాంటినూఫ్ దగ్గర 1974లో 646 మీటర్ల రేడియో స్తంభం కట్టారు. అప్పటికి ప్రపంచంలో మనిషి కట్టిన వాటన్నిటిలోకీ ఎత్తయినది అదే. దానికి గాలి అంతు చూడలేదు, పిడుగు అంతు చూడలేదు. 1991 ఆగస్టు 8న స్టే తీగలు మారుస్తుంటే ఒక తీగ దగ్గర పొరపాటు జరిగింది. అంతే, మొత్తం కుప్పకూలింది! అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు.

ఇంటి గొట్టానికీ సూత్రం అదే. ముప్ఫై అడుగులకు రెండు వరసల తీగలు కావాలి. ఒకటి సగం ఎత్తులో, రెండోది యాంటెన్నాకు కాస్త కింద. ఒక్కో వరసలో మూడు తీగలు, మూడు దిక్కులకు సమాన దూరంలో. రెండు తీగలతో సరిపెడితే గొట్టం మూడో దిక్కుకు పడుతుంది. గాలి సరిగ్గా ఆ దిక్కునే వెతుక్కుంటుంది కూడా.

తీగ గుంజ గొట్టానికి ఎంత దూరంలో ఉండాలన్నది ఎక్కువమంది తప్పు చేసే చోటు. స్థలం కలిసొస్తుందని దగ్గరగా పాతేస్తారు. గాలి పక్కకు 40 కిలోలు తోస్తోందనుకుందాం. గొట్టం ఎత్తులో ముప్పావు వంతు దూరాన గుంజ ఉంటే తీగ మీద పడేది 67 కిలోలు. దాన్నే పావు వంతు దూరానికి తెస్తే 165 కిలోలు! పైగా అందులో ఎక్కువ భాగం గొట్టాన్నే కిందికి అదుముతుంది, మధ్యలో వంగేలా చేస్తుంది. కాబట్టి ముప్ఫై అడుగులకు ఇరవై, ఇరవై రెండు అడుగుల దూరం కనీసం ఉండాలి.

ఇది చదునైన నేల లెక్క. కొండ వాలులో ఇంకో మెలిక ఉంది. పల్లం వైపు గుంజ గొట్టం మొదలు కన్నా కిందుంటుంది. తీగకు ఎత్తు పెరిగినట్టే కదా, కాబట్టి అటు ఇంకా దూరం పోవాలి. మెరక వైపు కాస్త దగ్గరున్నా చెల్లుతుంది. చాలామంది టేపు పట్టి మూడు వైపులా ఒకే దూరం కొలిచేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. పల్లం వైపు తీగ మాత్రం నిటారుగా లేచి భారమంతా మోస్తుంటుంది.

తీగ విషయంలో పొదుపు పనికిరాదు. కరెంటు స్తంభాలకు వాడే పేటల జీఐ స్టే వైరు హార్డువేర్ కొట్లలో దొరుకుతుంది. ప్లాస్టిక్ తాడు ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది. నైలాన్ తాడు సాగుతుంది. చివరలు ముడి వేసి వదలకుండా క్లిప్పులు బిగించాలి, ఒక్కో చివరకు మూడు. క్లిప్పులో యూ ఆకారపు వంపు తీగ తెగిన చివర మీద పడాలి, జీను లాంటి వెడల్పు ముక్క భారం మోసే తీగ మీద. తిరగేసి బిగిస్తే భారం మోసే తీగనే అది నలిపేస్తుంది. కింద గుంజ దగ్గర బిగింపు కోసం టర్న్‌బకిల్ పెట్టి, అది ఊగి ఊగి తనంతట తాను విడిపోకుండా రంధ్రాల గుండా చిన్న తీగ దూర్చి కట్టేయాలి. వీణ తీగలా బిగించనక్కర్లేదు. తీగ తెగే బలంలో పదో వంతు బిగువు చాలు. మితిమీరి బిగిస్తే గొట్టానికే నష్టం.

గుంజ అంటే నేలలో కొట్టిన ఇనప మేకు కాదు. వాన తడికి మెత్తబడిన ఎర్రమట్టిలోంచి మేకు చేత్తో లాగినా వచ్చేస్తుంది. మూడడుగుల లోతు గొయ్యి తీసి, కొక్కెం చేసిన ఊచను అడ్డ ఇనుముకు వెల్డింగు చేసి కాంక్రీటుతో పూడ్చాలి. కనీసం వారం రోజులు ఆరనివ్వాలి. ఆ వారం ఆగలేకే సగం గుంజలు వదులవుతాయి!

పశువులూ మేకలూ తిరిగే పెరట్లో ఇంకో చిన్న జాగ్రత్త. తీగ కింది భాగానికి ఆరడుగుల మేర పసుపురంగు పీవీసీ గొట్టం తొడగాలి. మేకకు ఒళ్లు గోక్కోవడానికి స్టే తీగను మించిన సౌకర్యం లేదు. చీకట్లో సైకిల్ మీద వచ్చే మనిషి మెడకు దాన్ని మించిన ప్రమాదమూ లేదు.

కప్పు మీదైతే...

రేకుల ఇంటి మీద గొట్టం పని అంటే ముందు భయపడాల్సింది రేకుకే. సిమెంటు రేకు మనిషి కాలికింద చెప్పకుండా విరుగుతుంది. దూలాల మీదుగా అడ్డంగా పలక వేసుకుని, దాని మీదే నడవాలి. అసలు రేకుల ఇంటికి గోడ పక్కన నేల మీద నిలబెట్టిన గొట్టమే మేలు.

స్లాబు ఇళ్ల మీద రేపటి అంతస్తు కోసం వదిలిన పిల్లర్ల ఊచలుంటాయి. తీగలు కట్టడానికి అవి మంచి పట్టు, బాగా తుప్పు పట్టనంత వరకూ. పిట్టగోడను మాత్రం నమ్మొద్దు. ఒంటి ఇటుక గోడ బట్టలారేసే తీగకు చాలేమో గానీ, తుపాను గాలికి చాలదు. గోడా గొట్టమూ కలిసి కిందికొస్తాయి.

ఎత్తే రోజు

గాలి లేని పొద్దు చూసుకోవాలి. చింతపల్లిలో చలికాలమైతే మంచు విడిచి పైపు తడి ఆరాకే. పని మధ్యలో పొద్దుగూకితే రేపటికి వాయిదా వేయడమే. యాంటెన్నా, కేబులు, తీగలు అన్నీ నేల మీదే బిగించి, తీగల పొడవు ముందే కొలిచి పెట్టుకోవాలి. గొట్టం మొదట్లో మడత బందు లాంటి ఇనప కీలు పెట్టించుకుంటే మొదలు జారదు, తర్వాత ఎప్పుడు మరమ్మతు వచ్చినా పడుకోబెట్టుకోవచ్చు. ఎక్కాల్సిన పనే ఉండదు. ఆ కీలుకు వెల్డరు తీసుకునే కూలీ అంత దండగ లేని ఖర్చు మరోటి లేదు. ఒక్కో దిక్కు తీగకు ఒక్కో మనిషి, గొట్టం దగ్గర ఇద్దరు. చెప్పేది ఒక్కరే, మిగతావాళ్లు వినాలి. మన దగ్గర అన్నిటికన్నా కష్టమైన నియమం బహుశా ఇదే!

పిడుగు కాలం

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ అంకె చూశాక కొండ మీద ఇనప గొట్టం ఉన్నవాళ్లకు నిద్ర పట్టడం కష్టమే. ఎర్తింగు పిడుగును రాకుండా ఆపదు, వచ్చినదానికి ఇంటి బయట దారి చూపిస్తుంది. గొట్టం మొదట్లోంచి మందమైన రాగి తీగనో జీఐ పట్టీనో మెలికలు లేకుండా నేరుగా భూమిలోకి దించాలి. ఎనిమిది, పదడుగుల కడ్డీ ఒకటి చాలన్నది మైదానం మాట. రాతి నేలల్లో కడ్డీ దిగదు, దిగినా నేల కరెంటును సులువుగా తీసుకోదు. అలాంటప్పుడు రెండు మూడు కడ్డీలు దూరదూరంగా పాతి కలపాలి. ఇంటి ఎర్తింగునూ దీన్నీ విడివిడిగా వదిలేయడం చాలామంది చేసే తప్పు. రెండూ కలిసి ఉండాలి, లేదంటే పిడుగు ఒకదాన్నుంచి ఇంకోదానికి మీ టీవీ గుండానే దూకుతుంది. మబ్బు కమ్మేలోపు కేబులు ఊడదీసి బయట పెట్టేయడం అన్నిటికన్నా చవక. ఉరుములు మొదలయ్యాక మాత్రం దాని జోలికి పోవద్దు.

ఇంత తతంగం ఎందుకంటారా? ఆ గొట్టం ఒక్కోసారి టీవీ కన్నా పెద్ద పనికొస్తుంది. హుద్‌హుద్ నాడు విశాఖలో ఫోన్లన్నీ మూగబోతే సమాచారం అందించడానికి హ్యామ్ రేడియో వాళ్లు కదిలారు. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అండమాన్ వెళ్లింది సరదా ప్రసారాల కోసం. 26న సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆమె రేడియో అయినవాళ్ల క్షేమం కోసం తల్లడిల్లుతున్న ఎందరికో కబురు మోసింది. 1983లో ఆ సంస్థను స్థాపించిన సూరి తరం నుంచీ ఈ హ్యామ్‌లు గొట్టాల విషయంలో మహా చాదస్తులు. చిత్రమేంటంటే, కొండల్లో దగ్గరి ఊళ్లతో మాట్లాడటానికి వాళ్లు ఎత్తే కోరుకోరు. రెండు చెట్ల మధ్య ఇరవై అడుగుల ఎత్తున పొడవాటి తీగ కడతారు. సిగ్నల్ నిట్టనిలువునా ఆకాశంలోకి పోయి, అక్కడి అయానోస్ఫియర్‌కు తగిలి, కొండలన్నిటినీ దాటి రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాసి ఈ లైసెన్సు తీసుకోవచ్చు. సిగ్నల్ పెంచే ‘బూస్టర్లు’ మాత్రం అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, పక్క ఇళ్లవాళ్ల ఫోన్లనూ అవి చెడగొడతాయి. రూటరుకు బయటి యాంటెన్నా తగిలించుకోవడంతో ఆ గొడవ లేదు.

గొట్టం లేచాక కేబులు ఇంట్లోకి దూరే చోట దాన్ని కిటికీ కన్నా కిందికి ఒక వంపు వదిలి మళ్లీ పైకి తీసుకెళ్లాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది, లోపలికి రాదు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, దసరా దాటాక ఒకసారి, టర్న్‌బకిళ్లు చూసుకోవాలి. నేలకు ఆనిన చోట పైపును సుత్తితో తట్టి చూడాలి. తుప్పు మొదలయ్యేది అక్కడే. గట్టి పైపు ఖణేల్‌మంటుంది. బోలు శబ్దం వచ్చిందంటే, ఈదురుగాలుల కన్నా ముందే దాన్ని దించేయాలి.